అందిందని చెప్పిందెవరు?

కేబుల్ క్యాంపు, కంకర క్వారీ వెనక
వానలకు ముందు

మహారాజశ్రీ బావగారికి,

దూరం నుంచే ఒక నమస్కారం. దగ్గరకొస్తే కాళ్ళు పట్టుకున్నట్టే పట్టుకుని లాగేస్తానని నీకు భయం కదా, అందుకని.

ఈ కాగితం మీద మరక చూసి కూర ఒలకబోశాననుకోకు. రక్తం. నాదే. మేం వేసిన కేబుల్‌ని క్వారీవాళ్ళ పొక్లెయిన్ తెంపేసింది. "ఏమయ్యా, కళ్ళు నెత్తికెక్కాయా?" అని అడగడానికి మా మేస్త్రీ వెళ్ళాడు. అడిగాడు కూడా. ఆ తరవాత వాళ్ళు గునపాలతో మా కందకం మీదికొచ్చారు. మా సూపర్‌వైజరు దవడ రెండు ముక్కలైంది. పాపం, జన్మలో మొదటిసారి నోరు మూసుకున్నాడు. నా నుదుటి మీద ఒకడు పార తిరగేసి కొట్టాడు. అంచుతో కొట్టి ఉంటే నీకు ఉత్తరాల బెడద వదిలేది. కాంపౌండరు చొక్కా గుండీ కుట్టినట్టు కుట్టేశాడు. నేనూ ఊరుకోలేదులే. నా చేతిలో కేబుల్ కోసే కత్తెర ఉంది. ఒకడి చెవి తమ్మె ఇప్పుడు కందకంలో మన కేబుల్ పక్కనే నిద్రపోతోంది.

అసలు సంగతికొస్తాను. సూపర్‌వైజరు దవడ కట్టించుకుని ఇంటికెళ్ళిపోయాడు. ఆ కుర్చీ నాకిస్తామంటున్నారు, కాకపోతే పరీక్ష పాసవ్వాలట. అందులో నెట్‌వర్క్ పొరలు అని ఒక పాఠం ఉంది. నేను కందకం తవ్విస్తాను, గొట్టం వేస్తాను, గాజు తీగ అతికిస్తాను. అందులో పొర ఎక్కడుందో నాకు కనపడలేదు. ఉల్లిపాయలో అయితే చూశాను. ఆ సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాడివి నువ్వు. నీ బామ్మర్ది బుర్రకి పట్టేలా చెప్పు.

ఇక్కడ ఫోన్ పలకదు. ఊరందరికీ లైన్లు వేసేది మేం, మాకు మాత్రం ఉత్తరాలే గతి. సరుకుల లారీవాడు తెస్తాడు, పట్టుకెళ్తాడు. మొన్న టౌనుకెళ్ళినప్పుడు అక్కకి ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తదు. నా మీద కోపమా? పోయినసారి మీ లిఫ్టుకి "పాడైంది" అని అట్ట తగిలించి నిన్ను మూడో అంతస్తుదాకా ఎక్కించినందుకా? అక్కే కదా ఆ అట్ట కోసిచ్చింది! ఒక్క ముక్క రాయమను.

నీ తలనొప్పి,
బామ్మర్ది


మూడో అంతస్తు ఫ్లాటు
వానలు మొదలైన వారం

బామ్మర్దీ,

అట్ట కోసింది మీ అక్కా! ఆ సంగతి నాకిప్పుడే తెలిసింది. సరే.

దెబ్బలు తగ్గాయా? నువ్వు ఎక్కడుంటే అక్కడ ఎవరో ఒకరి పన్ను రాలుతుంది. ఇక పొరల సంగతి చెబుతాను, బుద్ధిగా విను.

నువ్వొక కాగితం మీద "అక్కా, బాగున్నావా" అని రాశావనుకో. అది పై పొర. దానికి కావలసింది మాట ఒక్కటే, దారి తెలియనక్కర్లేదు. అది ఆ కాగితాన్ని కింది పొరకిస్తుంది. కిందివాడు దాన్ని కవర్లో పెట్టి, మీద వరస నంబరు వేసి, తన కిందివాడికిస్తాడు. వాడు ఆ కవరుని ఇంకో పెద్ద కవర్లో పెట్టి మీద ఊరూ, వీధీ రాస్తాడు. వాడి కిందివాడికి ఊరుతో పనిలేదు, పక్క మెషిన్‌దాకా చేర్చడమే వాడి పని. వాడు ఇంకో కవరు తొడుగుతాడు. అన్నిటికీ అడుగున ఉన్నది నీ గాజు తీగ. దానికి తెలిసింది వెలుతురు ఉందా, లేదా, అంతే.

అవతలి ఒడ్డున ఇదే తిరగేసి జరుగుతుంది. ప్రతివాడూ తన జతవాడు తొడిగిన కవరు మాత్రం విప్పి, లోపలిది పైకి అందిస్తాడు. ఇందులో గొప్పతనం ఏమిటో తెలుసా? ఎవడూ పక్కవాడి కవరు విప్పడు. లోపల ఏముందని అడగడు. నేను నా పొర రాసేటప్పుడు నీ తీగ రాగిదా గాజుదా అని చూడను. రేపు నువ్వు తీగ మార్చేసినా నా ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ఇద్దరి మధ్యా ఒకటే ఒప్పందం: ఇది ఇస్తే అది చేస్తాను. మిగతాది ఎవరి గదిలో వాళ్ళు. అలా ఉంటేనే లోకం నడుస్తుంది. సంసారమైనా అంతే.

ఆఫీసులో ఊపిరాడని పని. నేను లేకపోతే వాళ్ళకి పూట గడవదు.

మీ అక్క ఫోను బాల్కనీలోంచి కిందపడి పగిలింది. కుడిచెయ్యి కూడా బెణికింది, కలం పట్టుకోలేదు. నీ ఉత్తరం నేనే చదివి వినిపించాను. నవ్వింది.

బావ


కేబుల్ క్యాంపు
బురదలో

బావా,

నువ్వు చెబితే గాడిదకైనా చదువొస్తుంది. నాకొచ్చింది చూడు.

మా క్యాంపులో కూడా అచ్చంగా పొరలే. తవ్వేవాళ్ళకి కేబుల్ సంగతి తెలీదు. లాగేవాళ్ళకి అతుకు సంగతి తెలీదు. అతికించే నాకు దాంట్లోంచి ఏం పోతుందో తెలీదు. అందరి మీదా మా మేస్త్రీ ఉన్నాడు, వాడికి ఏమీ తెలీదు. వాడి చేతిలో మాత్రం మూరెడు కేబుల్ ముక్క ఉంటుంది. బురదలో కాలు జారి ఒకడు కేబుల్ చుట్టిన డ్రమ్ము వదిలేశాడని, మొన్న వాణ్ణి బోర్లా పడుకోబెట్టి ఆ ముక్కతో కొట్టాడు. చొక్కా చీలి వీపుకి అంటుకుపోయింది. మేమంతా కందకంలో నిలబడి చూశాం. "మనం అతికేవాళ్ళం, తవ్వేవాళ్ళ గొడవ మనకెందుకయ్యా" అన్నాడు నా పక్కవాడు. నీ పాఠం వీడెప్పుడు చదివాడా అనుకున్నాను.

నేను మాత్రం ఊరుకోలేకపోయాను. కేబుల్లో నీళ్ళు దిగకుండా జిగురు నింపుతారు, చర్మానికి అంటితే కిరసనాయిలుతో గానీ వదలదు. మేస్త్రీ హెల్మెట్‌లో అది అరచేతి మందాన పూసిపెట్టాను. వాడు ఇంజనీరుగారి ముందు టోపీ తీసి నమస్కారం చెయ్యబోయాడు. రాలేదు. లాగాడు. జుట్టుతో సహా వచ్చింది. కందకం కందకమంతా నవ్వింది, వీపు చిట్లినవాడు కూడా. ఆ సాయంత్రం వాడు నన్ను డ్రమ్ముల షెడ్డులోకి లాక్కెళ్ళి ఒక పన్ను రాలగొట్టాడనుకో. పన్నుదేముంది, ఇంకా బోలెడున్నాయి.

ఒక అనుమానం బావా. కిందపడి పగిలిన ఫోను మోగుతుందా? నిన్న టౌన్లో మళ్ళీ చేశాను. సుబ్బరంగా మోగుతోంది.

అక్కని ఎడంచేత్తో ఒక గీత గీయమను. పిచ్చిగీతైనా పర్లేదు. దాన్ని చూస్తే నాకు పన్ను నొప్పి తగ్గుతుంది.

బామ్మర్ది


మూడో అంతస్తు ఫ్లాటు

బామ్మర్దీ,

నీకు వినపడే మోత అవతలి ఫోన్లో మోగే మోత అనుకుంటున్నావా? మధ్యలో ఉన్న మెషిన్ నీ చెవిలో వినిపించే పాట అది. ఇదీ తెలియకుండా సూపర్‌వైజరు అవుతావట.

మీ మేస్త్రీ వట్టి మొద్దు. కేబుల్ ముక్కతో కొడితే వాతలు తేలతాయి. పదిమంది చూస్తారు, నీలాంటివాడు ఉత్తరాలు రాస్తాడు. లొంగదీసుకోవడం తెలిసినవాడు అలా చెయ్యడు.

పరీక్షకి ఇది ముఖ్యం, గుర్తుపెట్టుకో. కింది పొరలు నమ్మకస్తులు కావు. ముక్కలు పారేస్తాయి, వెనకా ముందూ చేస్తాయి. అందుకని వాటి పైనున్న పొర ప్రతి ముక్కకీ నంబరు వేసి పంపి, ఎదురు చూస్తుంది. అవతలి మెషిన్‌లో ఉన్న దాని జత "అందింది" అని చిన్న జవాబు పంపాలి. రాకపోతే ఇది మళ్ళీ పంపుతుంది. కాసేపాగి మళ్ళీ. ప్రతిసారీ ముందటికంటే ఎక్కువసేపు ఆగుతుంది, ఊరికే గోల పెట్టదు. ఎంతకీ పలకకపోతే, ఇక లేదనుకుని లైను మూసేస్తుంది. నువ్వు కూడా ఆ ఆగడం నేర్చుకుంటే బాగుంటుంది. వారానికో ఉత్తరం రాసి అక్కేదీ, అక్కేదీ అంటావు. ఆవిడ నా భార్య. ఈ ఇంట్లో ఉంది. నీ పొర వేరు, నా పొర వేరు.

వంటింటి తలుపు ఒరుసుకుంటోంది, వడ్రంగిని పిలిచి బాగుచేయించాను. ఇంటిపని, ఆఫీసుపని, మధ్యలో నీకు ట్యూషను.

మీ అక్క కులాసా. నిన్ను ఆశీర్వదించమంది.

బావ


కేబుల్ క్యాంపు
ఎండ కాస్త మొహం చూపించింది

బావగారికి నమస్కారాలు.

తప్పయింది. ఇక అక్క గొడవ ఎత్తితే నా రెండో పన్ను కూడా రాలగొట్టు.

ఇక్కడ మేస్త్రీ కథ ముగిసింది. వీపు చిట్లినవాణ్ణి మళ్ళీ పడుకోమన్నాడు. వాడు పడుకోలేదు. చేతిలో ఉన్న పార తిప్పి మేస్త్రీ మోకాలి మీద వేశాడు. తడికర్ర విరిగినట్టు చప్పుడైంది. వాడు పడ్డాక ఇంకోటి, భుజం మీద. ఒక్కడూ అడ్డం వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. అబద్ధమెందుకు, నాకు బాగుంది. కాసేపటికి మేస్త్రీ బురదలో పొర్లుతూ అమ్మా అని ఏడుస్తుంటే, అప్పుడు అంత బాగులేదు. లారీలో వేసి పంపించాం. దారి పొడుగునా ప్రతి గుంతకీ వాడి కేక వినపడింది.

పరీక్ష దగ్గరకొచ్చింది. పాఠంలో ఒక్కచోట ఇరుక్కుపోయాను. ఆ "అందింది" అనే జవాబు ఉంది చూశావా, అది చెప్పేది ఎవరు? అవతల కుర్చీలో కూర్చున్న మనిషా, మెషినా? మనిషి నిద్రపోతుంటే కూడా వస్తుందా?

ఇంకో కబురు. అక్కకి మెల్లిగా చెప్పు, మనసు బాధపెట్టుకుంటుంది. మా బళ్ళో డ్రిల్లు మాస్టారు పోయాడట. మేమిద్దరం ఆయన సైకిలు విప్పి ముక్కలు ముక్కలుగా బడి కప్పు మీద పేర్చాం. పట్టుబడితే అక్క నేరం తన మీద వేసుకుని ఎండలో నిలబడింది. ఆ తరవాత ఆయనే అక్కని కూతురిలా చూసుకున్నాడు. ఆయన పోయాడంటే అక్క ఏమంటుందో రాయి. వాళ్ళింటికి నాలుగు మాటలు రాసి పంపాలి.

బుద్ధిమంతుడు,
బామ్మర్ది


మూడో అంతస్తు ఫ్లాటు

బామ్మర్దీ,

ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చే ప్రశ్న అడిగావు. మా ఆఫీసులో డిగ్రీలున్నవాళ్ళు కూడా ఇక్కడే బోర్లాపడతారు.

"అందింది" అని చెప్పేది మనిషి కాదు. అవతలి మెషిన్ లోపల ఉన్న పొర. దానికి ముక్క చేరితే చాలు, వెంటనే జవాబిచ్చేస్తుంది. పైన కూర్చున్నవాడు చదివాడా, అర్థమయిందా, అసలు ప్రాణంతో ఉన్నాడా అన్నది దానికి తెలియదు, అక్కర్లేదు. కుర్చీలో శవం ఉన్నా "అందింది" అనే చెబుతుంది. అందుకని ఒళ్ళు దగ్గరపెట్టుకుని సాఫ్ట్‌వేర్ రాసేవాడు ఆ జవాబుని నమ్మి ఊరుకోడు. అన్నిటికీ పైనున్న పొరలో, ఆ చివరి వాడే స్వయంగా చెప్పే జవాబు ఇంకొకటి పెట్టుకుంటాడు. ఈ చివర నుంచి ఆ చివరికి. అది రానంతవరకు మధ్యలోవాళ్ళు ఎన్నిసార్లు అందిందన్నా పని అయినట్టు కాదు. ఇలాగే రాయి, పూర్తి మార్కులు వేస్తారు.

మాస్టారి సంగతి మీ అక్కకి నెమ్మదిగా చెప్పాను. సాయంత్రమంతా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. సైకిలు మాట ఎత్తగానే ఏడుపులోనే నవ్వొచ్చింది పాపం. "ఎండలో నిలబెట్టినా ఆయన మనసు వెన్న" అంది. వాళ్ళింటివాళ్ళకి ఆవిడ సానుభూతి కూడా రాయి.

బావ


పోలీస్ లాకప్, సంత వీధి వెనక
తేదీ ఏదో, కానిస్టేబుల్‌కీ తెలీదట

ఎముకల వార్డులో ఉన్న బావకి,

తలకి అన్ని కుట్లు పడ్డాయి కదా, కొన్ని సంగతులు నీకు గుర్తుండవు. నువ్వు తలుపు తియ్యకముందు జరిగింది అసలే తెలీదు. నువ్వు నాకు పాఠాలు చెప్పిన రుణం ఉంది, తీర్చుకుంటాను.

ముందు ఒక మాట. మా బళ్ళో డ్రిల్లు మాస్టారు ఎప్పుడూ లేడు. మా బళ్ళో డ్రిల్లే లేదు. ఆ పెద్దమనిషిని నేను కందకం గట్టు మీద కూర్చుని, బీడీ కాలుస్తూ పుట్టించాను. పుట్టనివాడి చావుకి మా అక్క సాయంత్రమంతా ఏడ్చిందా బావా? నవ్వింది కూడానా? "మనసు వెన్న" అందా? నీ ఉత్తరం చదివి మా వాళ్ళకి నవ్వుతూనే చూపించాను. నేను రాసినవి ఒక్కటీ అక్కదాకా వెళ్ళలేదని అప్పుడు తెలిసింది. మధ్యలో కూర్చుని అందింది, అందింది అని చెప్పింది నువ్వు. కుర్చీలో శవం ఉన్నా అలాగే చెబుతుందని రాసింది కూడా నువ్వే. లారీలో ఆ మాటే చదువుకుంటూ వచ్చాను. ఏడుపు ఆగలేదు. డ్రైవరు నాకు కడుపునొప్పి అనుకుని సోడా తాగించాడు.

ముందు మీ ఆఫీసుకెళ్ళాను. నిన్ను వానలకి ముందే తీసేశారటగా! కింద కూర్చున్న అమ్మాయి చెప్పింది. నీ కింద పనిచేసేవాడు నీ ప్రోగ్రాంలో తప్పు పట్టుకున్నాడని, వాడి చేతిని మెషిన్ల బీరువా తలుపులో పెట్టి మూశావట. ఊపిరాడని పని, పాపం.

మీ ఫ్లాటు తలుపు నువ్వు ఎవరికీ తియ్యవని వాచ్‌మన్ అన్నాడు. పాలవాడు కూడా ప్యాకెట్టు గుమ్మంలో పెట్టి పోవాలట. సరే, నేనేమైనా కొత్తవాడినా? మెట్ల మీద పెట్టె తెరిచి మీ ఇంటికెళ్ళే తీగ ఊడబీకాను. ఊడబీకి మెట్ల మీద కూర్చుని శనక్కాయలు తిన్నాను. లోపల నువ్వు ఎంత తంటాలు పడ్డావో వినపడుతూనే ఉంది. ప్రోగ్రాం మూసి తెరిచావు. మెషిన్ ఆపి మళ్ళీ వేశావు. ఫోన్లో కంపెనీవాడి చేత అడ్రసులూ నంబర్లూ చదివించి, వాణ్ణి వాయించావు. పై నుంచి ఒక్కొక్క పొరా దిగుతూ వచ్చావు గానీ, అడుగున వెలుతురుందా లేదా అని మాత్రం చూడలేదు. నాకు శనక్కాయలు అయిపోయాయి. బెల్లు కొట్టి "లైన్‌మ్యాన్ సార్" అన్నాను. "ఇంతసేపా వెధవా" అంటూ నువ్వే గొళ్ళెం తీశావు.

పడగ్గదికి బయట గడియ ఉంది బావా. మనుషులుండే గదికి బయట గడియ ఎవరు పెట్టిస్తారు?

అది తీసి అక్కని చూశాక పాఠాలన్నీ మర్చిపోయాను. కుడిచేతి వేళ్ళు నాలుగూ వంకర్లు తిరిగి అతుక్కున్నాయి. బెణికిందన్నావు. ఒరుసుకుంటున్న వంటింటి తలుపు గుర్తొచ్చింది, ఆఫీసు బీరువా తలుపు గుర్తొచ్చింది. వాతలు తేలకుండా కొట్టేవాడివి కదా. ఫోను కూడా పగల్లేదు. నీ టేబులు మీద నా కళ్ళ ముందే ఉంది.

నీ మొహాన గుద్దింది నాకు గుర్తుంది. ముక్కు చితికిన చప్పుడూ గుర్తుంది. నా సంచిలోంచి సుత్తి తీసి నా పక్కటెముకల మీద కొట్టావు, అది నిజమే. నేను పడ్డాను, అదీ నిజమే. ఇక్కడ జాగ్రత్తగా విను. ఆ తరవాత నేను లేచి, ఇస్త్రీ పెట్టె తీసుకుని, నీ తల మీద రెండుసార్లు కొట్టాను. నేనే.

నువ్వు నా గుండెల మీద కూర్చుని, ఇంటి కేబుల్ నా మెడకి చుట్టి బిగిస్తున్నావని, దెబ్బ వెనక నుంచి పడిందని నీకనిపిస్తోందట. ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. తలకి దెబ్బ తగిలితే అలాంటి కలలు వస్తాయి. నా మెడ చుట్టూ ఉన్న ఆ నల్ల చారంటావా, అది నా అందం.

ఆలోచించుకో బావా. బామ్మర్ది కొట్టాడంటే జాలిపడతారు. భార్య కొట్టిందంటే నువ్వు పాలవాడికి కూడా మొహం చూపించలేవు. నా మీద కేసు పెట్టు. కసితీరా పెట్టు. అక్క ఊసు మాత్రం ఎత్తకు. నీ పరువు నిలబడుతుంది, అక్క బయట ఉంటుంది. నాకా, లాకప్పు మా క్యాంపు కంటే పొడిగా ఉంది.

బామ్మర్ది


ఎముకల వార్డు

ఒరేయ్,

నర్సుని కాగితం, పెన్ను అడిగి రాస్తున్నాను. చదివి చించెయ్.

నువ్వు చెప్పినట్టే స్టేట్‌మెంట్ ఇచ్చాను. ఇంట్లో దూరి చంపబోయావని, నువ్వే కొట్టావని. ఏళ్ళు పడతాయి నీకు. ఆవిడ ఇంటికొస్తుంది. ఎక్కడికి పోతుంది? నువ్వు లోపలున్నాక ఆవిడ కోసం ఉత్తరాలు రాసేవాడు కూడా ఉండడు. తెలివైనవాణ్ణనుకున్నావు కదూ. నువ్వు కట్టిన గదికి గడియ నేను పెట్టుకుంటాను.

బావ


ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం

తమ్ముడూ,

ఎడంచేత్తో రాస్తున్నాను. అక్షరాలు తాగి నడిచినట్టున్నాయి. నవ్వుకో, ఫర్లేదు. మధ్యలో ఆగి ఆగి రాస్తున్నాను, అందుకే మొదట్లో ఒకలా, తరవాత ఒకలా ఉంటుంది.

వేళ్ళు మళ్ళీ విరిచి కట్టాలన్నారు డాక్టరుగారు. సరే, విరవండన్నాను. ఆయనే కంగారుపడ్డారు. మత్తిచ్చి చేస్తామమ్మా అని రెండుసార్లు చెప్పారు. విరిచేముందు మత్తివ్వడం కూడా ఉంటుందని నాకు తెలీదు.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మంచం పక్కన స్టూలు లాక్కుని, "అదృష్టవంతురాలివమ్మా. మీ ఆయనా, మీ తమ్ముడూ ఒకే మాట మీద ఉన్నారు. మీరు కంగారుపడి గదిలో ఓ మూల కూర్చున్నారని రాసేశాను. ఇక్కడ సంతకం పెట్టండి, వేలిముద్రయినా చాలు" అన్నాడు. నేను చదివాను. బాగా రాశారు. అందులో నేను ఏడ్చానని ఉంది.

ఒరేయ్, నేను ఏడవలేదు. నీకు తెలుసు. నువ్వు అప్పటికి నేల మీద ఉన్నావు. కళ్ళు పైకి తిరిగిపోయాయి, నాలుక బయటికొచ్చింది, మడమలు టైల్సు మీద కొట్టుకుంటున్నాయి. ఆయన ఊపిరి బిగబట్టి లాగుతున్నాడు, సూట్‌కేసు పట్టీ బిగించినట్టు. ఇస్త్రీ పెట్టె స్టాండు మీద ఉంది. మొదటిది కోపంతో కొట్టాను. ఆయన తల తిప్పి నన్ను చూశాడు. అప్పుడు రెండోది కొట్టాను. అది కోపంతో కాదు. కేబుల్ ఇంకా వదల్లేదు కాబట్టి కొట్టాను. ఆయన కింద పడ్డాక మూడోసారి చెయ్యి ఎత్తాను. ఎత్తి, దించేశాను. ఇదంతా ఇలాగే చెప్పాను. ఎత్తిన సంగతి కూడా.

"అమ్మా, మీకెందుకు? మీ తమ్ముడు ఒప్పేసుకున్నాడు. మీరు ఇంటికెళ్ళి హాయిగా ఉండొచ్చు" అన్నాడు.

"ఏ ఇంటికండీ?" అన్నాను.

ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. "కుడిచెయ్యి ఇలా ఉంటే ఎలా కొట్టారమ్మా, ఎవరు నమ్ముతారు?" అన్నాడు. పక్క మంచం ఆవిడ మందుల ట్రే కింద బరువైన ఇనప బల్ల ఉంది. దాన్ని ఎడంచేత్తో ఎత్తి చూపించాను. ఆవిడ కెవ్వుమంది. నర్సు పరిగెత్తుకొచ్చింది. ఇన్‌స్పెక్టర్ లేచి రెండడుగులు వెనక్కి వేసి, "సరే సరే, దించండమ్మా" అన్నాడు. మొదటి కాగితం చించేశాడు.

నీకు కోపం వస్తుందని తెలుసు. నాకోసం జైల్లో కూర్చోవడానికి సిద్ధపడ్డావు. నీ పిచ్చి ప్రేమ నాకు తెలీదా? ఆ లిఫ్టు అట్ట సంగతి ఆయనకి ఎందుకు రాశావురా, వెధవా, ఆ ఉత్తరం అందిన రోజే కదా నా వేళ్ళు పోయింది. నిన్ను తిట్టడానికి రాయలేదు. నువ్వు సరదాగా చేసేదానికి కూడా అక్కడ నేనున్నానని ఒక్కసారి తలుచుకో, అంతే.

కానీ ఇది విను. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో బెల్లు మోగితే ఆయన జవాబు చెప్పాడు. ఫోను మోగితే ఆయన చెప్పాడు. డాక్టరు ఎక్కడ నొప్పి అని నన్నడిగితే ఆయన చెప్పాడు. నువ్వు అక్కా బాగున్నావా అంటే ఆయనే బాగున్నానన్నాడు. ఇప్పుడు నేను చేసిన పనికి నువ్వు జవాబు చెబుతానంటున్నావు. ఆయన చెడ్డవాడు, నువ్వు మంచివాడివి. అయినా ఆ కాగితంలో నేను మూల కూర్చుని ఏడుస్తూనే ఉన్నాను కదరా.

కేసు నా మీద రాశారు. ఆయన నీ మెడకి కేబుల్ బిగించిందీ, గదికి బయట గడియా, నా వేళ్ళ ఎక్స్‌రే, అన్నీ అందులో చేర్చారు. రేపో ఎల్లుండో నిన్ను వదిలేస్తారట. ఇక్కడి నుంచి నన్ను కోర్టుకి తీసుకెళతారు. జడ్జి అడుగుతాడు, నేను చెబుతాను. భయంగానే ఉంది. పొద్దున్న అద్దం ముందు నిలబడి నా పేరు పైకి చెప్పుకున్నాను. గొంతు ఎవరిదోలా వచ్చింది. ఇంకో రెండుసార్లు చెబితే అలవాటయింది.

నువ్వు బయటికి రాగానే ముందు ఆ మెడ చూపించుకో. తరవాత నాకొక లాయర్ని వెతుకు. గొప్పగా మాట్లాడేవాడు అక్కర్లేదు, నేను మాట్లాడుతున్నప్పుడు అడ్డం రానివాడు కావాలి.

అక్క